డీజిల్ జీపు సామర్థ్యం: ట్యూనింగ్ వెనుక ఉన్న శాస్త్రం

కొండదారిలో నడిచే డీజిల్ జీపుకు బలం పెంచడమెట్లా అన్న ప్రశ్న వర్క్‌షాపుకు చెందినదే గాని తరగతి గదికి చెందినది కాదని చాలామంది భావిస్తారు. భౌతికశాస్త్ర విభాగపు విద్యార్థులమైన మేము నలుగురమూ నిన్నమొన్నటి వరకు అట్లాగే భావించాము. వాయు నియమాలు, ఉష్ణగతిక సూత్రాలు పరీక్ష కోసం చదివినాము, మార్కులు వచ్చినవి, మరచినాము. అవే సూత్రాలు ఉస్మాన్‌గంజ్‌లో నూనె మరకల బల్ల మీద మరల ఎదురైనప్పుడు గుర్తుపట్టడానికి మాకు కొంత సమయం పట్టింది. ఆ అనుభవాన్ని, దాని వెనుక ఉన్న లెక్కలను మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాలో ఒకరి మేనమామకు నల్లమల అంచున ఒక పాత మహీంద్రా జీపు ఉన్నది. ప్రత్యక్ష ఇంధన ప్రవేశం, అనగా డి.ఐ. పద్ధతి గల 2523 ఘన సెంటీమీటర్ల ఇంజన్, టర్బో లేదు. మామూలు రోజులలో సరుకులు, మనుషులు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగే కొద్ది రోజులలో యాత్రికులు. ఆ కుటుంబానికి ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఆ కొద్ది రోజులలోనే వస్తుంది. శ్రీశైలం దారిలో హాజీపూర్ దాటిన తర్వాత మన్ననూరు వైపు ఎక్కే చోట మునుపు మూడవ గేరులో ఎక్కే బండి, కొంత కాలంగా రెండవ గేరు అడగడం మొదలుపెట్టింది. జాతర దగ్గర పడుతున్నది. దారి పక్కన ఉన్న ఒక షెడ్డులో చూపిస్తే, అక్కడివారు పది నిమిషాలలో పంపు మీది స్క్రూ ఒకదానిని తిప్పి పంపినారు. బండి నిజంగానే గుంజింది. వెనుక నల్లని పొగ వచ్చింది గాని, పొగ వస్తే బలం వచ్చినట్లేనని అందరూ అన్నారు. జాతర మూడవ నాడు అడవి దారిలో రేడియేటర్ నీరంతా పైకి చిమ్మింది. విప్పి చూస్తే హెడ్ గాస్కెట్ పోయింది. ఒక పిస్టన్ నెత్తి అంచు కరిగిపోయి ఉన్నది. మిగిలిన జాతర పోయింది, రిపేరుకు అప్పు మిగిలింది.

పది నిమిషాల పని ఇంజన్‌ను ఎట్లా చంపింది? ఇది తెలియాలంటే మొదట డీజిల్ ఇంజన్ స్వభావం తెలుసుకోవలె.

పెట్రోల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపిన యంత్రంలోని మూల సూత్రం ఒకటే: గాలిని మాత్రమే లోపలికి పీల్చి, దానిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నూనెను చిమ్మితే తనంతట తానే మండుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరమూ ఎరిగినదే. వేసవిలో 42 డిగ్రీల వద్ద ఉన్న గాలిని పద్దెనిమిదో వంతు ఘనపరిమాణానికి నొక్కితే దాని ఉష్ణోగ్రత సుమారు 600 డిగ్రీలకు చేరుతుంది. డీజిల్ నూనె స్వయంగా అంటుకోవడానికి 250 డిగ్రీలే ఎక్కువ. కావున మంటకు కొదవ లేదు. అసలు కొదవ గాలికి.

ఇక్కడ ఒక తేడాను విద్యార్థులు జాగ్రత్తగా పట్టుకోవలె. పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది. పాత తరహా డీజిల్ బండిలో గాలికి తలుపే లేదు. తొక్కినా తొక్కకపోయినా ఇంజన్ తనకు పట్టినంత గాలి పీలుస్తుంది. మన పాదం మార్చేది నూనె పరిమాణాన్ని మాత్రమే. దీనివల్ల నూనె ఎక్కువ పోస్తే బలం ఎక్కువ అన్న అభిప్రాయం సహజంగా ఏర్పడుతుంది. ఒక హద్దు వరకు అది నిజం కూడా. ఆ హద్దు ఎక్కడ ఉన్నదో చెప్పేది గాలి.

లెక్క వేద్దాము. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నది. 540 మీటర్ల ఎత్తున వాతావరణ పీడనం సుమారు 95 కిలోపాస్కల్‌లు. మే నెలలో 42 డిగ్రీల వేడిమి. వాయు సమీకరణంలో ఈ రెండు విలువలు వేస్తే ఘన మీటరు గాలి బరువు 1.05 కిలోగ్రాములు వస్తుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చల్లదనంలో అదే ఘన మీటరు 1.225 కిలోగ్రాములు తూగుతుంది. అనగా మన వేసవిలో, మన పీఠభూమి మీద, ఏ ఇంజన్ అయినా పీల్చే గాలి నూటికి పద్నాలుగు పాళ్ళు తక్కువ. లదాఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ పీడనమే మూడవ వంతు తగ్గిపోతుంది. కొండ ఎక్కే బండి అలసిపోతున్నదని మనము అనుకునే దానిలో కొంత భాగం బండి దోషం కాదు, గాలి పలుచన.

ఇక 2523 ఘన సెంటీమీటర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదనుకుందాము. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒక్కసారి పూర్తిగా గాలి పీలుస్తుంది గనుక నిమిషానికి వెయ్యి సార్లు, అనగా 2523 లీటర్లు. ఆచరణలో నూటికి 85 పాళ్ళే నిండుతుంది. అది సుమారు 2.25 కిలోగ్రాముల గాలి. ఒక పాలు డీజిల్ పూర్తిగా మండడానికి రసాయనశాస్త్రం ప్రకారం 14.5 పాళ్ళ గాలి చాలును. కాని సిలిండర్‌లో నూనె, గాలి కలుసుకోవడానికి దొరికే కాలం సెకనులో కొన్ని వేల వంతులు మాత్రమే. ప్రతి నూనె తుంపర తన చుట్టూ ఉన్న గాలినంతటినీ వెదుక్కోలేదు. అందుచేత పొగ లేకుండా మండాలంటే సుమారు 20 పాళ్ళ గాలి కావలె. 2.25 కిలోల గాలికి నిమిషానికి 112 గ్రాముల డీజిల్. కిలో డీజిల్‌లో ఉండే ఉష్ణశక్తి సుమారు 42,500 కిలోజౌళ్ళు. దానిలో నూటికి 30 పాళ్ళు ఇరుసుకు చేరుతుందనుకుంటే 24 కిలోవాట్లు, అనగా 32 అశ్వసామర్థ్యాలు.

ఆ 112 గ్రాములు నిమిషానికి నాలుగు వేల విడతలుగా లోపలికి పోవలె. విడతకు 28 మిల్లీగ్రాములు. ఘనపరిమాణంలో 34 ఘన మిల్లీమీటర్లు. మామూలు నీటిచుక్క ఇంతకన్నా పెద్దది. చుక్క కన్నా చిన్నదైన ఈ మోతాదును, నాలుగు సిలిండర్లకు సమానంగా, చెప్పిన క్షణానికి, మంచు తుంపరల వలె చిమ్మించడమే పంపు, నాజిల్ చేసే పని. రుడాల్ఫ్ డీజిల్ కాలంలో నూనెను గట్టిగా నొక్కిన గాలితో లోపలికి ఊదేవారు. రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఇంధన పంపును పెద్దయెత్తున తయారుచేయడం మొదలుపెట్టిన తర్వాతనే డీజిల్ ఇంజన్ లారీలకు, కార్లకు వీలైనంత చిన్నదైనది. మన దేశంలో ఆ పంపులను, నాజిళ్ళను బెంగుళూరులో 1951లో స్థాపితమైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ తయారుచేసింది. దాని సంక్షిప్తనామమైన ‘మైకో’ మన మెకానిక్కుల నోట ఎంతగా నాటుకున్నదంటే, 2008లో సంస్థ పేరు బాష్‌గా మారినా పాత ఉస్తాద్‌లకు అది నేటికీ మైకో పంపే.

ఇప్పుడు షెడ్డులో తిప్పిన స్క్రూ సంగతి తేటపడుతుంది. అది పంపు ఇవ్వగల గరిష్ఠ నూనెకు హద్దు విధించే స్క్రూ. దానిని తిప్పితే నూనె పెరిగింది, గాలి పెరగలేదు. ఇరవై పాళ్ళ గాలి పదహారు, పదిహేడు పాళ్ళకు దిగింది. మొదట కొంత బలం వచ్చిన మాట నిజం, ఎందుకంటే మిగిలి ఉన్న గాలిలో కొంత ఉపయోగపడింది. ఆపైన పోసిన నూనె సగం మండి మసి అయినది. ఆ మసే నల్లని పొగ. ఆలస్యంగా, పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు కూడా మంట సాగినందువల్ల ఎగ్జాస్టు వేడి పెరిగింది. హెడ్డు, వాల్వులు, పిస్టన్ ఆ వేడిని మోసినవి. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. పిస్టన్‌లకు వాడే మిశ్రలోహం ఇంకా తక్కువకే మెత్తబడుతుంది. లోపలి మంట రెండు వేల డిగ్రీలు ఉన్నా పిస్టన్ నిలుస్తున్నదంటే, అది అందిన వేడిని రింగుల ద్వారా, నూనె ద్వారా క్షణక్షణమూ వదిలించుకుంటున్నందువల్లనే. ఆ జమాఖర్చు తప్పింది. ఎండలో, నిండు బరువుతో, తక్కువ వేగంతో, గాలి విసురు లేని అడవి దారిలో తప్పింది.

హెడ్డు, పిస్టన్‌ల రిపేరు అయిన తర్వాత పంపును, నాజిళ్ళను విప్పి నగరానికి తెచ్చినాము. ఉస్మాన్‌గంజ్ మా కళాశాల నుండి నడచిపోగల దూరంలోనే ఉన్నది. గంజ్ అనగా అంగడి. టోకు దుకాణాలు, సరుకు దించే లారీలు, తోపుడు బండ్లు, కేకలు. ఆ సందడిలో ఒక చిన్న గదిలో పంపులు, నాజిళ్ళు పరీక్షించే దుకాణం. ఉస్తాద్ డెబ్బై దాటిన మనిషి. మేము పంపు ఆయన ముందు పెట్టి, “ఉస్తాద్, దీనికి బలం పెంచి ఇవ్వండి” అన్నాము. ఆయన పంపు వైపు చూడనే లేదు. “ఎయిర్ ఫిల్టర్ ఏది?” అన్నాడు. తేలేదన్నాము. “పైలే హవా దేఖో బేటా, బాద్ మే తేల్” అన్నాడు. ముందు గాలి, తర్వాత నూనె. పైన మేము ఒకటిన్నర పుట వ్రాసిన లెక్క అంతా ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. ఇది అతిశయోక్తి కాదు. ఆ సాయంకాలం గదికి వచ్చి లెక్క వేసినప్పుడే మాకు తెలిసింది.

మరునాడు మామకు ఫోను చేసి, “మామా, ఫిల్టర్ విప్పి చూడు” అన్నాము. ఆ జీపుది నూనె గిన్నె గల పాత తరహా ఫిల్టర్. లోపలికి పోయే గాలి మొదట నూనె మీదుగా పోయి ధూళిని అక్కడ వదలవలె. గిన్నెలో నూనె లేదు, అడుగున గట్టిపడిన బురద ఉన్నది. అంతకన్నా ముఖ్యం, ఫిల్టర్ నుండి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం అడుగు భాగం చీలి ఉన్నది. ఒకవైపు గాలి దారి మూసుకున్నది. మరొకవైపు ఆ చీలిక గుండా అడవి దారి దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతున్నది. దుమ్ములోని ఇసుక రింగులను అరగదీస్తే నొక్కుడు తగ్గుతుంది. నొక్కుడు తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే మంట ఆలస్యమవుతుంది. బండి బలం తగ్గడానికి మొదటి కారణం నూనె స్క్రూ దగ్గర లేదు. అది రబ్బరు గొట్టం దగ్గర ఉన్నది.

నాజిళ్ళ పరీక్ష చూడదగినది. చేతితో నొక్కే పంపుకు నాజిల్ బిగించి పీడనం పెంచుతారు. ముల్లు చూపే గీత వద్ద నాజిల్ తెరుచుకుని చిమ్మవలె. డి.ఐ. ఇంజన్‌లలో ఆ పీడనం సాధారణంగా 200 వాతావరణాల ప్రాంతంలో ఉంటుంది. ఖచ్చితమైన విలువ తయారీదారు పుస్తకంలో చూడవలె. మంచి నాజిల్ పొగమంచు వలె చిమ్మి టక్కున ఆగుతుంది, ఒక విధమైన గరగర ధ్వని చేస్తుంది. మా నాలుగింటిలో రెండు మాత్రమే ఆ విధంగా చేసినవి. ఒకటి తక్కువ పీడనానికే తెరుచుకున్నది. నాలుగవది చిమ్మిన తర్వాత కూడా కొనన చుక్క నిలుపుకున్నది. ఉస్తాద్ దానిని వేలితో చూపి, కరిగిన పిస్టన్ ఎన్నవ నంబరుదని అడిగినాడు. మూడవది. ఆ నాజిల్ మీద మామ పెయింటుతో వేసిన గీతలు మూడు. మేము ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. కేవలం స్క్రూ తప్పు అయితే నాలుగు పిస్టన్‌లూ వేడెక్కవలె; మూడవదే ముందు కరగడానికి కారణం ఆ చుక్క.

పంపును బెంచి మీద ఎక్కించి వెయ్యి స్ట్రోకులకు ఒక్కొక్క గొట్టం ఎంత నూనె ఇస్తున్నదో గాజు కొలపాత్రలలో పట్టినారు. మా లెక్క ప్రకారం విడతకు 34 ఘన మిల్లీమీటర్లు అంటే వెయ్యి స్ట్రోకులకు 34 ఘన సెంటీమీటర్లు. కొలపాత్రలలో నూనె మట్టం నాలుగింటా నాలుగు విధాలుగా ఉన్నది, అన్నీ ఆ గీతకు పైనే. ఉస్తాద్ తయారీదారు పట్టిక తీసి, నాలుగూ ఒకే మట్టానికి వచ్చేదాకా సరిచేసినాడు. బలం పెంచమని వచ్చిన మేము నూనె తగ్గించుకొని పోతున్నామని గ్రహించి మాలో ఒకరు కొంత నిరాశపడ్డారు కూడా.

మిగిలిన రెండు పనులు జీపు దగ్గరే జరిగినవి. ఒకటి ట్యాపెట్ల సందు సరిచూడడం. సందు ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకొని గాలి తక్కువ పడుతుంది, మరీ తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. రెండవది టైమింగ్. మొదటి సిలిండర్ గొట్టం స్థానంలో హంస మెడ వలె వంగిన చిన్న గొట్టం బిగించి, ఇంజన్‌ను చేతితో మెల్లగా తిప్పుతూ, దాని కొస నుండి నూనె కారడం ఏ క్షణాన ఆగుతుందో చూడవలె. అది నూనె చిమ్మడం మొదలయ్యే క్షణం. ఆ క్షణాన ఫ్లైవీల్ మీది గుర్తు ఎక్కడ ఉన్నదో చూస్తే, ఉండవలసిన దానికన్నా సుమారు నాలుగు డిగ్రీలు ఆలస్యం. నిమిషానికి 2000 చుట్ల వద్ద నాలుగు డిగ్రీలంటే సెకనులో మూడు వేలవ వంతు. అంత చిన్న ఆలస్యానికే మంట ఒత్తిడి పిస్టన్‌ను సరైన చోట నెట్టదు. వేడి ఎగ్జాస్టు గొట్టంలోకి పోతుంది. మరీ ముందుకు జరిపితే మరొక ప్రమాదం ఉన్నది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి దానిని ఎదుర్కొంటుంది, సుత్తితో కొట్టినట్లు శబ్దం వస్తుంది, బేరింగులు దెబ్బతింటాయి. ఆ శబ్దాన్ని చురుకుదనమని మురిసే డ్రైవర్లు కూడా లేకపోలేదు.

ఇవన్నీ అయిన తర్వాత జీపు, మునుపటి బరువుతోనే, మన్ననూరు ఎత్తును మూడవ గేరులో ఎక్కింది. ఎగ్జాస్టు వద్ద తెల్లని రుమాలు పట్టి చూచాము. బూడిద రంగు పడింది గాని నలుపు పడలేదు.

ఇక్కడితో ఆపవచ్చును. కాని మాలో ఇద్దరికి ఇది ఉన్న బలాన్ని తిరిగి తెచ్చుకోవడమే గాని పెంచడం కాదన్న అసంతృప్తి మిగిలింది. అది న్యాయమైన అసంతృప్తే. నిజంగా పెంచాలంటే మార్గం ఏమిటి? మరల అదే జవాబు, గాలి. ఇంజన్ తానుగా పీల్చగలిగినంత కన్నా ఎక్కువ గాలిని నెట్టవలె. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందిన టర్బో ఛార్జర్ చేసేది ఇదే. మనము కాల్చే డీజిల్ శక్తిలో ఇంచుమించు మూడవ వంతు ఎగ్జాస్టు వేడిగా బయటకు పోతుంది. ఆ వాయువు దారిలో ఒక చక్రం పెట్టి, అదే ఇరుసు మీద రెండవ చక్రంతో లోపలికి పోయే గాలిని నొక్కుతారు.

అర బార్ ఒత్తిడి అదనంగా ఇచ్చినామనుకుందాము. 95 కిలోపాస్కల్‌లు 145 అయినవి, ఒకటిన్నర రెట్లు. గాలి కూడా ఒకటిన్నర రెట్లు అవుతుందని తొందరపడరాదు. నొక్కిన గాలి వేడెక్కుతుందని పైన చూచినాము. 42 డిగ్రీల గాలి ఇక్కడ నూరు డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలుచన. లెక్క కడితే లాభం నూటికి 27 పాళ్ళు మాత్రమే. ఆ గాలిని ఇంటర్‌కూలర్ గుండా పంపి 60 డిగ్రీలకు చల్లార్చితే లాభం 44 పాళ్ళకు చేరుతుంది. 32 అశ్వసామర్థ్యాలు 46 అవుతాయి. ఒక రేకు పెట్టె, దాని గుండా వీచే గాలి, అంతే. సామర్థ్యం ఇంతగా పెరగడం మాకు ఆశ్చర్యం కలిగించింది. అయితే మంట ఒత్తిడి కూడా ఆ మేరకు పెరుగుతుంది. టర్బో కోసం రూపొందించిన ఇంజన్‌లో పిస్టన్, గాస్కెట్, నూనె పంపు, రేడియేటర్ అన్నీ ఆ ఒత్తిడిని లెక్కవేసి పెట్టినవే. లేని ఇంజన్‌కు బయట నుండి తగిలిస్తే, వాటిలో బలహీనమైనది ముందు పోతుంది.

కొత్త బండ్ల సంగతి వేరు. మహీంద్రా వారు 2010లో తెచ్చిన థార్‌లో ఇంచుమించు అదే రెండున్నర లీటర్ల పరిమాణానికి, కామన్‌రైల్ పద్ధతిలో, టర్బో, ఇంటర్‌కూలర్‌లతో 105 అశ్వసామర్థ్యాలు లభించినవి. అక్కడ నూనె మోతాదును, క్షణాన్ని నిర్ణయించేది ఒక చిన్న కంప్యూటరు. దానిలోని పట్టికలను మార్చి వ్రాయడాన్నే నేడు ట్యూనింగ్ అంటున్నారు. తెలిసినవారు గాలి కొలతకు తగినట్లు నూనె పెంచుతారు, పొగ హద్దును అట్లాగే ఉంచుతారు. బజారులో దొరికే చవక పెట్టెలు కొన్ని చేసే పని వేరు. అవి రైలులోని పీడనం తక్కువగా ఉన్నట్లు కంప్యూటరుకు అబద్ధం చెప్పి నూనె ఎక్కువ చిమ్మిస్తాయి. షెడ్డులో తిప్పిన స్క్రూ ఇక్కడ తీగల రూపంలో వచ్చింది, అంతే తేడా. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్. 6 బండ్లలో ఎగ్జాస్టు మసిని పట్టే జల్లెడ కూడా ఉన్నది గనుక, ఆ అదనపు మసి ముందు దానినే మూసివేస్తుంది.

కొండదారికి అసలు ఎంత బలం కావలెనన్నది మరొక ప్రశ్న. దీనిని ఎవరూ అడగరు. పాత విల్లీస్ తరహా జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.8, ఫోర్ వీల్ లో గేరు 2.46, ఇరుసు 5.38. మూడింటినీ గుణిస్తే 37. ఇంజన్ 2000 చుట్ల వద్ద ఇచ్చే 114 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం చక్రాల దగ్గర, రాపిడి నష్టం పోగా, సుమారు 3,600 అవుతుంది. చక్రం వ్యాసార్థం 36 సెంటీమీటర్లు అయితే నేల మీద లాగే బలం సుమారు వెయ్యి కిలోల బరువుకు సమానం. ఒకటిన్నర టన్నుల బండి ఆ బలంతో నలభై డిగ్రీల వాలును కూడా ఎక్కవలె. ఎక్కదు, ఎందుకంటే అంతకు ముందే టైరు జారుతుంది. అనగా రాళ్ళ మీద, బురదలో మనకు తక్కువైనది ఇంజన్ బలం కాదు, పట్టు. టైరులో గాలి కొంత తగ్గించడం, సరైన గేరు ముందే వేయడం, చక్రం జారకముందే పాదం తేలిక చేయడం, ఇవి ఖర్చు లేని ట్యూనింగ్. దీనికి విరుద్ధంగా, చూడడానికి బాగుంటుందని పెద్ద టైర్లు వేస్తారు. వ్యాసార్థం 36 నుండి 40 అయితే లాగే బలం పదో వంతు పోతుంది. ఆ పోయిన దానిని తిరిగి తేవడానికి పంపు స్క్రూ తిప్పుతారు!

చట్టం మాట కూడా తెలిసి ఉండవలె. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే రవాణా అధికారి అనుమతి కావలె. పొగకూ హద్దు ఉన్నది, బి.ఎస్. 4కు ముందటి డీజిల్ బండ్లకు పొగ సాంద్రత 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఉస్మాన్‌గంజ్ సందులలో రోజంతా లారీల వెనుక నిలబడే హమాలీలను చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

కళాశాల పాలకసంఘం పెద్దలకు ఒక విన్నపం. ఉష్ణగతిక శాస్త్రం బోధించే నెలలో ఒక్క పూట విద్యార్థులను ఇట్టి దుకాణానికి పంపి, దానిని ప్రయోగశాల తరగతిగా లెక్కించవలసినదిగా కోరుతున్నాము. ఖర్చు ఆటో కిరాయి కూడా కాదు, నడచిపోవచ్చును. ఉస్తాద్ అభ్యంతరం చెప్పలేదు. గుంపుగా రావద్దు, పనికి అడ్డం రావద్దు అని మాత్రం అన్నాడు.

పంపు తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన గరిష్ఠ నూనె స్క్రూకు తీగ చుట్టి, సీసపు ముద్ర నొక్కినాడు. జీపుకు బిగించిన నాడు మామ దానిని చాలాసేపు వేలితో తడిమి చూచినాడు. “ఇది తెగితే?” అని అడిగినాడు. తెగదు, ఎవరో తెంపవలె అన్నాము. తర్వాతి చైత్రంలో మేము జాతరకు పోయినప్పుడు ముద్ర అట్లాగే ఉన్నది. తెల్లవారుజామున, యాత్రికులు ఇంకా రాకముందు, ఆయన టార్చి వెలుగులో ఫిల్టర్ గిన్నె విప్పి, ముందు రోజు దుమ్ము పట్టిన నూనె పారబోసి, గుడ్డతో తుడిచి, గీత వరకు కొత్త నూనె పోస్తున్నాడు.